బోర్లించిన కుండల కింద

తొమ్మిదేళ్ళుగా ఒక్క మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. చెప్పవలసిన రోజున, చెప్పవలసిన చోట, నలుగురి ముందు చెప్పలేదు. ఆ తరువాత చెప్పడానికి ప్రతి రోజూ అవకాశం ఉంది. ప్రతి రోజూ చెప్పలేదు. నన్నెరిగినవాళ్ళు ఇది చదివితే నవ్వుతారు. ఈవిడకి మాట రాకపోవడమా అంటారు. సంతలో వంకాయలమ్మేవాడి దగ్గర నుంచి తాలూకా కచేరీలో గుమాస్తా దాకా నాతో వాదించి గెలిచినవాడు లేడు. మద్రాసు కాలేజీలో లెక్చరరుగారే ఒకసారి, "అమ్మాయీ, నువ్వు కూచుంటే నేను పాఠం చెప్పుకుంటాను" అన్నారు. అటువంటి నోరు నాది. అవసరమైన ఒక్క నిమిషంలో ఆ నోరే అబద్ధమాడింది.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిదయింది. తెలిసినవాళ్ళకు చెప్పాలంటే ముందు వాళ్ళ మొహం చూడాలి. నా పేరు రాయను. మా ఊరి పేరూ రాయను. పల్నాడు తాలూకాలోది, గురజాల నుంచి బండిలో ఒక పూట ప్రయాణం, అంతవరకు చాలు. ఆ ఊళ్ళో ఆడపిల్లల బడికి పద్నాలుగేళ్ళుగా నేను హెడ్‌మిస్ట్రెస్‌ని. కానీ అతని పేరు మాత్రం ఉన్నదున్నట్టు రాస్తాను. చెడిపోయింది ఆ పేరే గనక.

దస్తగిరి. మాచర్ల మనిషి. మిద్దెలు వేసేవాడు.

అతను వేసిన కప్పును నేను పాడుచేశాను. పాడుచేసింది అతనేనని ఊరంతా అంటుంటే చూస్తూ ఊరుకున్నాను. చెప్పవలసింది ఇంతే. ఇక్కడ ఆపేయవచ్చు. కానీ ఆపేస్తే అతను చేసిన పని ఎంతటిదో మీకు తెలియకుండా పోతుంది. అది తెలియకపోతే నేను చేసినది ఎంతటిదో కూడా తెలియదు.

మా బడి అంతా నాపరాయి. గోడలు నాపరాయి, నేల నాపరాయి, పైన కప్పూ దూలాల మీద పరిచిన నాపబండలే. మా వైపు ఎక్కడ గడ్డపార వేసినా వచ్చేది అదే. బీదవాడి ఇంటికీ అదే, కలవాడి ఇంటికీ అదే. పొడుగాటి కట్టడం, మధ్యలో ఒక అడ్డగోడ. తూర్పు గదిలో చిన్నపిల్లలు, పడమటి గదిలో పెద్దపిల్లలు. శివరాత్రి దాటిందంటే ఆ గదుల్లో కూర్చోవడం ఎవరివల్లా అయ్యేది కాదు. ఎండ గోడల మీద నుంచి వస్తుందనుకుంటారు. కాదు. పై నుంచి వస్తుంది. మధ్యాహ్నం రెండింటికి ఆ బండలు పెనాలు. పెనం కింద మంట ఉండటం అందరికీ తెలుసు. పెనం నెత్తి మీద ఉండి దాని కింద పిల్లలు ఎక్కాలు చదవడం నేను చూశాను. కలంలో సిరా పాళీ కొనకు రాకముందే ఎండిపోయేది. ఒక పిల్ల పలక మీద చెయ్యి పెట్టి తీసేసుకుని ఏడ్చింది.

తల్లులు వచ్చి నిలదీశారు. "సదువు సెప్తామని పిల్లల్ని కాలుస్తన్నారేందమ్మా?" అంది ఒకామె. నేను వాదించాను. నా అలవాటు. వాదనలో గెలిచాను కూడా. మర్నాడు ఆమె కూతురు బడికి రాలేదు. ఇంకో వారానికి పడమటి గదిలో పదకొండుమంది మిగిలారు.

అప్పటికి ఏడో తరగతి దాకానే ఉంది. ఎనిమిదో తరగతి తెరవాలని నేను రెండేళ్ళుగా అర్జీల మీద అర్జీలు పెడుతున్నాను. చివరికి ఇన్‌స్పెక్ట్రెస్‌గారు స్వయంగా వచ్చి చూస్తానని రాశారు. వేసవి సెలవులకు బడి మూసేముందు, ఏప్రిల్ చివర వస్తారు. గదులు బాగుండి, పిల్లలు సరిపడా కూర్చుని ఉంటే తరగతి ఇస్తారు. లేకపోతే లేదు. ఏడు పాసైన పిల్లలు ఇంట్లో పిడకలు కొట్టుకుంటూ ఉండాలి. యుద్ధం మొదలైన మరుసటి ఏడు అది. రేకులు దొరకవు, సిమెంటు దొరకదు. కమిటీ ప్రెసిడెంటుగారు, మిరపకాయల వ్యాపారం చేసే పెద్దమనిషి, మాచర్ల సంతలో విచారించి ఒకణ్ణి పంపారు.

వచ్చినవాడు బక్కపలచని మనిషి, యాభై దాటి ఉంటాయి. వెంట భార్య హుసేనమ్మ. అతను నిచ్చెనెక్కి బండల మీద చెప్పులు విడిచి నడిచాడు. మిట్టమధ్యాహ్నం. అరికాళ్ళు కాలవా అనుకున్నాను. కాలడం కోసమే ఎక్కాడని తరువాత తెలిసింది. ఎక్కడ ఎంత కాలుతున్నదో పాదంతో చదువుకున్నాడు. దిగి, "కుండలు కావాలమ్మా" అన్నాడు.

"కుండల్లో నీళ్ళు నింపి పెడతావా?"

"కాదమ్మా. బోర్లిస్తా. కుమ్మరి ఆవంలో చీలినవీ, వంకరవీ ఉంటయి గదా, అయ్యి చాలు."

"బోర్లించిన కుండలో ఏముంటుందయ్యా?"

"ఏమీ ఉండదు."

"ఏమీ లేనిదాన్ని నెత్తిన పెట్టుకుంటే ఎండ ఆగుతుందా? నేను సైన్సు చెప్పేదాన్ని, నాకు చెప్పు ఆ సంగతి."

హుసేనమ్మ పమిట చాటున నవ్వింది. అతను మాత్రం నా ప్రశ్నను ప్రశ్నగానే తీసుకున్నాడు.

"మా నాయన దూదేకేవాడమ్మా. చలికాలంలో బొంత కప్పుకుంటారు గదా మీరు. చలిని ఆపేదేంది అందులో?"

"దూది."

"ఏకని దూది పెట్టి కుట్టించుకోండి. గడ్డలు గడ్డలుగా ఉంటది, చలి ఆగదు. అదే దూదిని ఏకి పొంగిస్తే ఆగుద్ది. దూది అంతే. బరువు అంతే. మరి మధ్యలో వచ్చి చేరిందేంది?"

నేను పైన బండల వైపు చూశాను.

"గాలమ్మా. కదలకుండా కూకున్న గాలి. చలిని ఆపేది ఎండని ఆపదా?"

అప్పుడు నాకు ఏమైందో చెప్పలేను. ఉష్ణం గురించి పాఠం ఏళ్ళ తరబడి చెప్పాను. ఉన్ని, దూది, గాలి వేడిని త్వరగా పోనివ్వవని ఎన్నిసార్లు నల్లబల్ల మీద రాశానో లెక్క లేదు. రాసి, చెరిపి, చెమట తుడుచుకుని, ఆ పెనం కిందే కూర్చున్నాను. నా చేతిలో ఉన్నది పుస్తకం. అతని చేతిలో ఉన్నది ఆ సంగతి. సంతోషమో సిగ్గో తెలియలేదు. రెండూ అనుకుంటాను.

పని ఇరవై రోజులు సాగింది. బండల మీద కుండలు బోర్లించి, పక్కపక్కన, తేనెపట్టులో గదుల్లా వరుసలు పేర్చాడు. సందుల్లో పెంకుముక్కలు, సున్నం కలిపిన మట్టి. దాని మీద జానెడు మందాన చవుడు. చవుడంటే తెలియనివాళ్ళకి: పైరు మొలవని ఉప్పు నేల మట్టి. పొలానికి పనికిరానిది మిద్దెకు బంగారం. పదునుగా పరిచి, తట్టి, ఎండనిస్తే వాన చుక్కను లోపలికి పోనివ్వదు. హుసేనమ్మ చెక్కతో ఆ చవుడును తట్టే చప్పుడు నా పాఠాలకు తాళం వేసినట్టు ఉండేది. బావి దగ్గర ఆడవాళ్ళు ఎగతాళి చేశారు.

"ఏమే, పంతులమ్మ మిద్దె మీద కాపరం పెడతందంట. కుండలన్నీ పైకెక్కిచ్చింది!"

"వంట కూడా ఆడనేనంట పిన్నీ, పొయ్యి అక్కర్లా."

పని ముగించి వెళ్ళేరోజు దస్తగిరి నాకు ఒకటే చెప్పాడు. "ఈ ఎండలన్నీ దాన్ని తాగనీయండమ్మా. లోపల పచ్చి ఇంకా ఉంది. తొలకరి దాకా చుక్క నీరు తగలగూడదు. తొలకరికి నేనే వచ్చి చూసుకుంటా." చెప్పి, భార్యతో కలిసి శావల్యాపురం వైపు ఎవరిదో మిద్దె వేయడానికి వెళ్ళిపోయాడు.

మరుసటి సోమవారం మధ్యాహ్నం రెండు గంటలకు పడమటి గదిలోకి అడుగుపెట్టాను.

తొమ్మిదేళ్ళయింది. ఆ క్షణం రాయబోతే ఇప్పటికీ కలం ఆగుతుంది. గడప అవతల వడగాడ్పు. గడప ఇవతల ఏమీ లేదు. చల్లగా ఉన్నదని కాదు, వేడి లేదు. మనల్ని ఎప్పుడూ పట్టి నొక్కుతుండే చెయ్యి ఒకటి హఠాత్తుగా తీసేసినట్టు. నాకు ఒంట్లో బాగాలేదేమో, జ్వరం వచ్చి దిగుతున్నదేమో అనుకున్నాను. బడి థర్మామీటరు తెచ్చి చూశాను. వసారాలో చూసి, గదిలో చూసి, గాజుగొట్టం చెడిపోయిందనుకుని దులిపి మళ్ళీ చూశాను. చెడిపోలేదు. పిల్లలు ఎవరూ చెప్పకుండానే గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు, గుడిలోకి వచ్చినట్టు. ఒక పిల్ల గోడకు చెంప ఆనించి కళ్ళు మూసుకుంది. లేపబోయి ఊరుకున్నాను. పైన రెండు వందల కుండల్లో ఏమీ లేనితనం బోర్లా పడుకుని సూర్యుణ్ణి ఆపుతున్నది. ఆవంలో చీలిపోయిన కుండలు. పైరు మొలవని మట్టి. కదలని గాలి. ఎవరికీ అక్కరలేని మూడింటిని తెచ్చి ఒకదానిమీద ఒకటి పెట్టాడు. నాకు దేవుడంటే పెద్ద పట్టింపు లేదు. ఆ రోజు మాత్రం చేతులు జోడించాలనిపించింది. ఎవరికో తెలియలేదు.

పదిహేను రోజుల్లో పిల్లలందరూ తిరిగి వచ్చారు.

ఇక్కడ ఆగి ఉండవలసింది. ఏ మనిషైనా ఆగుతాడు. నేనెందుకు ఆగలేదు?

ఎన్నిసార్లు అడుక్కున్నానో. మొదట్లో నాకు నేను చెప్పుకున్న జవాబు, బడి కోసం అని. ఇన్‌స్పెక్ట్రెస్‌గారు వచ్చేసరికి ఇంకా చల్లబడితే ఎంత బాగుంటుందోనని. అబద్ధం. ఉన్న చల్లదనమే ఆవిణ్ణి కట్టిపడేసేది. అసలు సంగతి రాస్తాను. ఆ గదిలో కూర్చున్న ప్రతి మధ్యాహ్నమూ నాకు ఒక ముల్లు గుచ్చుకునేది. ఈ చల్లదనంలో నాదంటూ ఏమీ లేదు. బి.ఏ. నాది, బడి నాది, అర్జీలు నావి. చల్లదనం మాత్రం మొత్తంగా దూదేకులవాడి కొడుకుది. అందులో నా వేలిముద్ర ఒకటి ఉండాలనిపించింది. అందుకని నాకు తెలిసిన సైన్సును తీశాను. కూజాలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయి? తడి ఆరేటప్పుడు వేడిని తీసుకుపోతుంది గనక. మరి మిద్దెను తడిపితే? ఎండు మట్టే ఇంత ఆపితే తడి మట్టి ఎంత ఆపాలి? తర్కం తప్పు లేదు. అదే నన్ను ముంచింది. తప్పు లేని తర్కాన్ని నేను ఎన్నడూ అనుమానించలేదు. అతను వద్దన్నాడు కదా అంటే, అతనికి తేమ ఆవిరి కావడం గురించి ఏం తెలుసు అనుకున్నాను.

అయితే పల్నాడులో ఏప్రిల్ నెలలో మిద్దె మీద నీళ్ళు పోయడమంటే ఏమిటో ఈ వైపు మనిషికి చెప్పనక్కరలేదు. తాగడానికి ఆడవాళ్ళు మైళ్ళు నడిచే రోజులు. బడి ఆవరణలో బావి చుట్టుపక్కల ముప్పై ఇళ్ళకు ఆధారం. ఎవరైనా చూస్తే నన్ను బావిలోనే వేసేవాళ్ళు, తప్పు కూడా కాదు. అందుకని చీకటి పూర్తిగా విడవకముందు, చేదలు చప్పుడవకముందు లేచేదాన్ని. నేనుండే గది బడి ఆవరణలోనే. ఒంటరిదాన్ని, అడిగేవాళ్ళు లేరు. పది బిందెలు తోడి, నిచ్చెన మీద ఒక్కొక్కటీ మోసి, పడమటి గది మీద పోసేదాన్ని. పడమటివైపే ఎందుకంటే సాయంత్రపు ఎండ అటే, పెద్దపిల్లలూ అటే, ఇన్‌స్పెక్ట్రెస్‌గారు కూర్చునేదీ అటే. కొబ్బరితాడు ఒరిసి అరచేతులు బొబ్బలెక్కాయి. తొమ్మిదయ్యేసరికి పైన మట్టి తెల్లగా ఆరిపోయేది. చూశావా, ఆవిరైపోయింది, వేడిని పట్టుకుపోయింది అని మురిసిపోయాను. పైపొర ఆరింది. కిందికి దిగిన నీళ్ళు ఎక్కడికి పోతాయి? ఏడో తరగతి పిల్ల అడిగే ప్రశ్న. నేను అడగలేదు.

గది ఇంకా చల్లబడిందా? నిజంగా తెలియదు. థర్మామీటరు ఒక గీత దిగినట్టే కనిపించింది. దిగాలని చూశాను, దిగినట్టు చూశాను.

పద్దెనిమిది తెల్లవారుజాములు. మధ్యలో ఒకరోజు బావి దగ్గర ఒకామె, "ఏంది పంతులమ్మగారూ, నీళ్ళు ఇంత అడుక్కి పోయినయి?" అంది. "ఎండాకాలంలో నీళ్ళు పైకి వస్తాయా?" అని కసిరాను. ఆమె చేదలో మట్టి వచ్చింది. చేదను వంచి, నీళ్ళు తేరేదాకా పక్కన చతికిలబడి కూర్చుంది. అది కూడా నా ఖాతాలోదే. ఇన్నాళ్ళూ దాన్ని విడిగా తలుచుకోలేదు.

ఇన్‌స్పెక్ట్రెస్‌గారు రావడానికి మూడు రోజుల ముందు, ఉదయం పదిగంటలకు, పడమటి గది కప్పు కూలింది.

ఆదివారం. ఆదివారం కాకపోతే? ఇరవైనాలుగు మంది పిల్లలు. ఈ ప్రశ్నను కూడా తొమ్మిదేళ్ళుగా చివరిదాకా పోనివ్వలేదు నేను. బురదయిన చవుడు బరువెక్కి, నీళ్ళు గోడలోకి దిగి, దూలం కూర్చున్న చోట మట్టి మెత్తబడి, దూలం జారింది. బండలు, కుండలు, మట్టి అంతా పిల్లల బెంచీల మీద. దుమ్ము లేవలేదు. తడి గనక. అది ఎవరూ గమనించలేదు. నేను గమనించాను.

కమిటీ మర్నాడే వసారాలో కూర్చుంది. అప్పటికే శావల్యాపురానికి మనిషిని పంపి దస్తగిరిని పిలిపించారు. బడి ముందు ఊరు ఊరంతా ఉంది.

"ఏందయ్యా దస్తగిరీ! కుండలు, చట్లు నెత్తికెత్తి బడి కూల్చావు గదా?" అన్నారు ప్రెసిడెంటుగారు.

అతను ఆయన వైపు చూడలేదు. కూలిన కుప్ప దగ్గర గొంతుక్కూచుని పిడికెడు మట్టి తీసి పిసికాడు. వేళ్ళ సందుల్లోంచి ముద్దగా వచ్చింది.

"అయ్యా, ఇది నీళ్ళు తాగింది."

"ఉగాది ముందు నుంచీ చినుకు లేదు. ఏ నీళ్ళు?"

"వాన కాదయ్యా. పోసిన నీళ్ళు."

అందరూ ఫక్కున నవ్వారు. ప్రెసిడెంటుగారు కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. "ఓరి నీ తెలివి తెల్లారా! తాగటానికే గుక్కెడు లేక చస్తంటే మిద్దెకి పోసేదెవడయ్యా? నీ మిద్దెకేమన్నా దప్పికేసిందా?"

"ఎవరో నాకు తెలవదయ్యా. పచ్చిగుంది. చూసి చెప్తన్నా."

నవ్వు ఇంకా ఎక్కువయింది. మా వైపు ఎవరి బుర్రలోకీ ఎక్కని సంగతి అది. దొంగతనం జరిగిందంటే నమ్మేవాళ్ళు, దయ్యం తోసిందన్నా నమ్మేవాళ్ళు. మండు వేసవిలో పల్నాడులో ఒక మనిషి బావిలో నీళ్ళు తోడి కప్పు మీద పోసిందంటే నమ్మేవాడు ఒక్కడూ లేడు. నా తప్పును ఆ కరువే దాచిపెట్టింది.

ప్రెసిడెంటుగారు నవ్వుతూనే నావైపు తిరిగారు. "పంతులమ్మగారూ, మీరు ఈడనే ఉంటారు గదా. ఎవరన్నా నీళ్ళు పోశారా?"

దస్తగిరి తలెత్తాడు. నా మొహం చూడలేదు. నా చేతులు చూశాడు. బొబ్బలు చితికి నల్లబడిన గీతలు, తాడు లాగినవాళ్ళకే తెలిసే గీతలు. చేతులు పమిటలో దాచుకున్నాను.

"లేదండీ," అన్నాను.

ఒక్క మాట. అంత నోరూ పెట్టుకుని ఒక్క మాట.

అతను వాదించలేదు. నేనైతే వాదించేదాన్ని, చేతులు చూపించమనేదాన్ని. మట్టి దులుపుకుని లేచాడు. హుసేనమ్మ మాత్రం ఊరుకోలేదు. "నోరు పడిపోయిందా నీకు? అడగవేందయ్యా?" అని మొగుడి మీద విరుచుకుపడింది. "ఊరుకోయే" అన్నాడు. పనిముట్లు సర్దుకుని వెళ్ళబోతూ నా ముందు ఆగాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది, జవాబు చెప్పేదాన్ని.

"అమ్మా, తూర్పు గది మీద తడి లేదు. చూశాను. బాగుంది. దాన్ని మాత్రం తడవనీయకండి."

ఇంతే. తన పరువు నేలమీద పడి ఉంది. అతనికి తూర్పు గది కప్పు గుర్తుంది.

ఇన్‌స్పెక్ట్రెస్‌గారు వచ్చారు. కూలిన గది చూసి మొహం చిట్లించారు. తూర్పు గదిలో పిల్లలందరినీ కూర్చోబెట్టాను. ఆవిడ అక్కడ కుర్చీలో కూర్చుని, విసనకర్ర ఒళ్ళో పెట్టుకుని, పైకి చూశారు. చాలాసేపు పైకే చూశారు. "ఇక్కడ ఏం చేశారు?" అన్నారు మెల్లగా. చెప్పాను. "ఎవరు చేశారు?" అన్నారు. "ఎవరో మాచర్లవాళ్ళండీ" అన్నాను. పేరు కూడా చెప్పలేదు. ఎనిమిదో తరగతి ఇచ్చారు. అతని కప్పే ఇప్పించింది. ఈ తొమ్మిదేళ్ళలో ఆ తరగతి దాటి వెళ్ళిన పిల్లల్లో ఇద్దరు నర్సులయ్యారు, ఒకతె టీచరయింది. వాళ్ళలో ఎవరికీ తెలియదు.

కమిటీ తూర్పు గది కుండలు కూడా పీకించేస్తామంది. అక్కడ మాత్రం వాదించాను. గొంతు చించుకుని వాదించి గెలిచాను. అది ధైర్యమని మీరు అనుకోకండి. దాన్ని కాపాడితే నా తప్పు సగమవుతుందని లెక్క వేసుకున్నాను. బడి పని మధ్యలో ఊళ్ళో అతను వేసిపెట్టిన ఇంకో రెండిళ్ళ కప్పులు పీకేశారు. మరెవరూ అతన్ని పిలవలేదు. అంతటితో పోయినా బాగుండేది. ఊళ్ళో ఒక మాట పుట్టింది. కుంటి బల్లకు, వంకర గోడకు, ఊడిపోయిన కుట్టుకు, దేనికైనా, "దస్తగిరి పని" అంటారు. ఒకరోజు క్లాసులో ఒక చిన్నపిల్ల, లెక్క తప్పు చేసిన పక్కపిల్లను, "నీది దస్తగిరి పనే" అంది. అతని కుండల కింద చల్లగా కూర్చుని అంది. దాన్ని మందలించడానికి నోరు తెరిచాను. ఏమని మందలించను? దానికి ఆ మాట నేర్పింది ఎవరు?

రెండేళ్ళ తరువాత మాచర్ల వెళ్ళాను. ఇల్లు వెతుక్కుంటూ వెళితే తలుపుకు గొళ్ళెం. పక్కింటి ముసలమ్మ చెప్పింది. "మిద్దెలు మానేశాడమ్మా. ఎవురు పిలుత్తారు? ఏరు దాటి నవాబు సీమకి పోయారు మొగుడూ పెళ్ళాం. ఆడ బండల గనిలో కూలికి మోస్తన్నాడంట." మీరెవరు అని అడిగింది. ఊళ్ళో పనిమీద వచ్చానన్నాను. ఏరు దాటి వెళ్ళవచ్చు. పడవలు ఉన్నాయి. సాయంత్రం రైలెక్కి తిరిగి వచ్చాను. తరువాత అటువైపు గొడవలొచ్చాయి, ఎవరెక్కడున్నారో తెలియకుండా పోయింది. ఇప్పుడు ఉన్నాడో లేడో తెలియదు. వెతకలేదని ఒప్పుకోవడం కంటే దొరకలేదని అనడం సుఖం. నేను వెతకలేదు.

ఈ వేసవిలో బడికి కొత్త కట్టడం వచ్చింది, రేకుల కప్పుతో. పాతది తీసేస్తున్నారు. ఇవాళ పొద్దున తూర్పు గది పైకి కూలివాళ్ళు ఎక్కారు. చవుడు గడ్డపారకు లొంగలేదు. గంటసేపు కొట్టారు. తిట్టుకుంటూ కొట్టారు. చివరికి ఒక పెచ్చు లేచింది. కింద కుండలు. నేనూ నిచ్చెనెక్కాను.

వడ్డెర మనిషి ఒకామె ఒక కుండను మెల్లగా ఊపి లేవదీసింది. బుడిపి తేలిన, వంకర కుండ. లోపల పొడి. కొత్తగా ఆవంలోంచి తీసినట్టు ఎర్రగా ఉంది. చెమ్మ వాసన లేదు, బూజు లేదు. తొమ్మిది వానాకాలాలు. నేను కూలబడి, కుండ లేచిన గుండ్రటి చోట నాపబండ మీద అరచెయ్యి ఆనించాను. చుట్టూ ఎండ. తల మీద ఎండ. గాలి నిప్పు. అరచేతి కింద బండ చల్లగా ఉంది. బావి లోపలి రాయిలా చల్లగా ఉంది. తాడు గీతలు ఎప్పుడో మానిపోయిన అరచెయ్యి అది. అక్కడి నుంచి తీయలేకపోయాను. ఎవరూ చూడని చోట, ఎవరూ తలుచుకోని పేరుతో, ఒక మనిషి పెట్టిన ఏమీ లేనితనం తొమ్మిదేళ్ళు ఒక్క పూటా మానకుండా తన పని చేసింది. ఆ కప్పు కింద చదివిన పిల్లల తలలన్నీ నాకు కనిపించాయి. ఏడుపు రాలేదు. ఏడుపు కంటే పెద్దదేదో వచ్చింది. నోరు తెరుచుకుని, చిన్నపిల్లలా, చూస్తూ ఉండిపోయాను.

"ఎవురు జేశారమ్మా ఈ పని? ఇంత ఉక్కులాగుంది?" అంది ఆమె.

"దస్తగిరి."

"ఆ దస్తగిరేనా? బడి కూల్చాడంటారే?"

"అతని వల్ల కూలలేదు."

"మరెవరి వల్లమ్మా?"

ఆమె ఏదో మాటకు అడిగింది. అడిగి, చెమట తుడుచుకుంటూ నా మొహంలోకి చూసింది. తొమ్మిదేళ్ళ తరువాత మళ్ళీ అదే ప్రశ్న, అదే ఆవరణలో, ఈసారి నవ్వకుండా. కుండ నా ఒళ్ళో ఉంది. నోరు తెరిచాను. కింద నుంచి మేస్త్రీ కేకేశాడు, ఆమె గడ్డపార అందుకుంది. నేను కుండతో నిచ్చెన దిగాను.

అది ఇప్పుడు నా బల్ల మీద ఉంది. బోర్లించే పెట్టాను. దాని పక్కన కూర్చుని ఇది రాస్తున్నాను. రాసినందువల్ల అతని చేతికి పని రాదు. హుసేనమ్మ కోపం చల్లారదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. ఆ హక్కు మీది కాదు, అడిగే హక్కు నాది కాదు. రేపు పొద్దున ఆమె మళ్ళీ పనికి వస్తుంది. చెబుతానా? చెప్పాలనే ఉంది. కానీ ఇన్నేళ్ళలో నా మీద నాకు నమ్మకం పోయింది. అందుకే ముందు కాగితం మీద పెడుతున్నాను, రేపు వెనక్కి తీసుకోవడానికి వీలు లేకుండా.

ఎవరన్నా నీళ్ళు పోశారా అని ప్రెసిడెంటుగారు నన్ను అడిగారు.

పోశారండీ. నేను పోశాను.